విశ్వాసము మాత్రమే చాలునా? – తెలుగు క్రైస్తవ బోధలో రక్షణ, విధేయత

ముస్లింలు, క్రైస్తవులు కూర్చొని మత విషయాలు ముచ్చటించుకొనే సభలలో రెండు ఆక్షేపణలు తప్పక వినబడతాయి. మొదటిది ముస్లిం సోదరులు చేసేది: క్రైస్తవ మతములో నమ్మితే చాలును, పాపములు పోతాయి, ఆపైన మనిషి ఎట్లా బ్రతికినా అడిగేవారుండరు. రెండవది క్రైస్తవులు చేసేది: ఇస్లాము క్రియల మతము, నమాజులను, రోజాలను త్రాసులో వేసి స్వర్గాన్ని కొనుక్కొనే మార్గము. హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి వంటి పేటలలో మసీదులు, చర్చీలు కొద్ది సందుల దూరంలోనే ఉన్నవి. అయినను ఈ రెండు ఆక్షేపణలూ పొరుగువారిని అడిగి తెలుసుకొనే ప్రయత్నము లేకుండానే సాగుతూ వచ్చాయి.

రెండూ సగము తెలిసిన మాటలే అని చూపడం ఈ వ్యాసము మొదటి ఉద్దేశము. "విశ్వాసము మాత్రమే" అన్న మాట, దేవుడు పాపిని దేని ఆధారముగా చేర్చుకొంటాడు అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు. చేర్చుకోబడినవాడు ఎట్లా బ్రతకాలి అన్నది మరొక ప్రశ్న. ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును రెండవ ప్రశ్నకు తగిలించినందువల్లనే చిక్కు వచ్చినది. ఇంతవరకు వేదాంత పాఠశాలల్లో చెప్పేదే. రెండవ ఉద్దేశము అంతకంటె ముఖ్యమైనది. తెలుగు దేశములో ఈ సమస్య గ్రంథాలలో కంటె మాల మాదిగ పల్లెలలో ఎక్కువగా పరీక్షకు వచ్చినది. అక్కడ విధేయతకు ఒక వెల ఉండినది. ఆ వెల చెల్లించినవారు, విధేయతను బోధించినవారు ఎప్పుడూ ఒకరే కారు. ఈ సంగతిని విడిచిపెట్టి చేసే చర్చ ఎంత శాస్త్రీయముగా ఉన్నా అసంపూర్ణమే.

మాటల సంగతి

తెలుగులో ఈ చర్చ చేసేవారు ముందుగా తాము వాడే మాటలను పరీక్షించుకోవాలి. గ్రీకు క్రొత్త నిబంధనలోని "పిస్తిస్" అనే పదానికి మన అనువాదకులు "విశ్వాసము" అని వ్రాశారు. ఈ మాటకు మన వాడుకలో రెండు అర్థాలు కలవు. ఒకటి నమ్మకము. రెండవది కృతజ్ఞతతో కూడిన నిలకడ. ఉప్పు తిన్న ఇంటికి విశ్వాసముగా ఉండడము అంటే ఆ ఇల్లు ఉన్నదని ఒప్పుకొనడం మాత్రము కాదు గదా. కుక్కకు విశ్వాసము కలదంటాము. నమ్మినవానికి ద్రోహము చేసినవాణ్ణి విశ్వాసఘాతకుడంటాము. గ్రీకు మాటలోను ఈ రెండు ఛాయలూ ఉన్నవి. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఆరంభములోను, అంతములోను విశ్వాసాన్ని, విధేయతను ఒకే పదబంధములో జోడించాడు (1:5, 16:26). కనుక తెలుగు చదువరికి "విశ్వాసము" అన్న మాటలోనే విధేయత కొంత వినబడుతుంది. దానిని వినబడకుండా చేసినది మన ప్రసంగాల అలవాటే.

"నీతిమంతుడుగా తీర్చబడుట" అన్న మాట ఇంకా విచిత్రమైనది. "తీర్చు" అనే క్రియకు తీర్పు చెప్పడము అన్న అర్థము కలదు. తీర్చి దిద్దడము అన్న అర్థము కూడా కలదు. పదహారవ శతాబ్దములో ఐరోపా క్రైస్తవులు విడిపోయినది సరిగా ఈ రెండు అర్థాల దగ్గరనే. దేవుడు పాపిని నిర్దోషి అని తీర్పు చెబుతాడని లూథరు పక్షము. కృపను లోపల నింపి అతణ్ణి నిజముగా నీతిమంతునిగా చేస్తాడని రోమను పక్షము. మన అనువాదకులు ఎంచుకొన్న క్రియలో రెండు పక్షాలకూ చోటు దొరికినది. పైగా "నీతి" అంటే మన జనానికి నీతి శతకాలలోని నీతి, అనగా నడవడి. న్యాయస్థానపు పరిభాషను వివరించకుండా ఈ మాటను వాడితే, విన్నవారు దానిని మంచి నడవడి అనే అనుకొంటారు. అనుకొనడం వారి పొరపాటు కాదు.

మూడవది "రక్షణ". మన సంఘాలలో సాక్ష్యము చెప్పేవారు రక్షింపబడిన తేదీని చెబుతారు. పౌలు మాత్రము ఈ క్రియను మూడు కాలాలలోను వాడాడు. ఎఫెసీయులకు వ్రాసినప్పుడు అది జరిగిపోయిన సంగతి (2:8), కొరింథీయులకు వ్రాసినప్పుడు జరుగుతూ ఉన్నది (1 కొరింథీ. 1:18), రోమీయులకు వ్రాసినప్పుడు ఇక జరుగవలసినది (5:9, 10). తేదీ చెప్పడములో తప్పు లేదు. మిగిలిన రెండు కాలాలను మరచి తేదీని ఒక రసీదువలె దాచుకొనడములోనే అపాయమున్నది. ముస్లిం సోదరుల ఆక్షేపణకు బలమిచ్చేది ఈ రసీదు భావమే.

ఇబ్రాహీము సాక్ష్యము

బైబిలులో పౌలు ఒక వైపు, యాకోబు ఒక వైపు నిలిచి వాదించుకొన్నట్లు చెప్పడము వాడుక. పౌలు ధర్మశాస్త్ర క్రియలు లేకుండ విశ్వాసము వలననే మనిషి నీతిమంతుడగునన్నాడు. యాకోబు, విశ్వాసము ఒక్కటే చాలదు, క్రియలు కూడా కావాలన్నాడు. "విశ్వాసము మాత్రము" అనే మాటల జోడింపు క్రొత్త నిబంధనలో కనబడేది యాకోబు పత్రికలో మాత్రమే. అదీ దానిని కాదనడానికి. పౌలు వాక్యములో (రోమా 3:28) "మాత్రమే" అన్న మాటను 1522లో తన జర్మను అనువాదములో చేర్చినవాడు మార్టిన్ లూథరు. జర్మను నుడికారము ఆ మాటను కోరుతున్నదని 1530లో ఆయన సమర్థించుకొన్నాడు. యాకోబు పత్రికను ఆయన తక్కువగా ఎంచిన సంగతి అందరూ ఎరిగినదే.

ఇద్దరు అపొస్తలులూ అబ్రాహామునే సాక్షిగా పిలిచారు. అయితే ఇద్దరూ అతని జీవితములో ఒకే ఘట్టాన్ని చూడలేదు. పౌలు చూసినది సంతానము లేని ముసలివాడు నక్షత్రాల క్రింద నిలిచి వాగ్దానాన్ని నమ్మిన ఘట్టము (ఆదికాండము 15). యాకోబు చూసినది అదే మనిషి కుమారుణ్ణి బలిపీఠముపై పెట్టిన ఘట్టము (22). నడుమ చాలా ఏండ్లు గడిచాయి. మొదటి ఘట్టములో అబ్రాహాము చేతిలో చూపడానికి క్రియ ఏదీ లేదు. రెండవ ఘట్టములో ఆ నమ్మకము ఎటువంటిదో బయటపడినది. ఆరంభాన్ని గురించి అడిగినవానికి పౌలు జవాబు చెబుతున్నాడు. పరీక్షను గురించి అడిగినవానికి యాకోబు జవాబు చెబుతున్నాడు.

ముస్లిం చదువరికి ఈ రెండవ ఘట్టము సుపరిచితము. బక్రీదు పండుగకు మూలము అదే. ఖురానులో (37:103) తండ్రీ కొడుకులిద్దరూ దేవుని ఆజ్ఞకు తలవంచారని చెప్పినచోట వాడిన క్రియ "ఇస్లాము" అన్న మాటకు మూలమైన ధాతువు నుండి వచ్చినదే. కుమారుని పేరును ఖురాను అక్కడ చెప్పలేదు. బైబిలు ఇస్సాకు అని చెప్పినది. ఈ భేదము మన ప్రస్తుత చర్చకు అడ్డము రాదు. నమ్మామని నోటితో అన్నంత మాత్రాన పరీక్ష లేకుండా విడిచిపెట్టబడతారా అని ఖురాను అడిగిన ప్రశ్న (29:2) యాకోబు పత్రిక చదివినవారికి క్రొత్తగా తోచదు.

సంఘముల తీర్మానములు

లూథరు అనుచరులు విధేయతను కొట్టివేశారా? వారి మూల ప్రమాణమైన ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రకటన (1530)లో నాలుగవ అధికరణము నీతిమంతుడుగా తీర్చబడుటను గురించినది. ఆరవ అధికరణము పేరే "నూతన విధేయత". విశ్వాసము మంచి ఫలాలను ఇచ్చి తీరాలని, దేవుడు ఆజ్ఞాపించిన క్రియలు చేయవలసినవేనని, అయితే వాటి వలన తీర్పు గెలుస్తామని నమ్ముకోరాదని ఆ అధికరణము సారాంశము. 1529లో లూథరు రచించిన చిన్న ప్రశ్నోత్తరి పది ఆజ్ఞలతో ఆరంభమవుతుంది. విశ్వాస ప్రమాణము ఆ తరువాతనే వస్తుంది. 1746లో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే నగరములో అచ్చువేయించిన తొలి తెలుగు పుస్తకాలలో ఈ ప్రశ్నోత్తరి అనువాదము ఒకటి. అంటే విశ్వాసమాత్ర సిద్ధాంతము తెలుగు అచ్చులోకి వచ్చినప్పుడే పది ఆజ్ఞలను వెంటబెట్టుకొని వచ్చినది. దాదాపు వంద సంవత్సరాల తరువాత, 1842లో హయ్యరు గారు గుంటూరుకు రావడముతో లూథరను సంఘము తెలుగు నేలపై వేళ్లూనినది.

రోమను సంఘము 1547లో ట్రెంటు మహాసభలో "విశ్వాసము మాత్రమే" అన్న బోధను శపించినది. అయినను కృప లేకుండ మనిషి తన క్రియలతో నీతిమంతుడు కాగలడన్న బోధను కూడా అదే సభ శపించినదని మరువరాదు. 1999 అక్టోబరు 31న అదే ఆగ్స్‌బర్గులో లూథరను ప్రపంచ సమాఖ్య, రోమను కథోలిక సంఘము ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. దేవుడు మనలను చేర్చుకొనేది కృప చేతనేనని, మన యోగ్యత చేత కాదని, ఆ కృపయే మంచి క్రియలకు పిలుస్తుందని రెండు పక్షాలూ ఒప్పుకొన్నాయి. 2006లో మెథడిస్టులు కూడా దానికి సమ్మతి తెలిపారు. పూర్వపు శాపములు నేటి భాగస్వామి బోధకు తగలవని కూడా చెప్పుకొన్నారు. నాలుగున్నర శతాబ్దాల తగాదాలో చాలా భాగము రెండు ప్రశ్నలను ఒకటిగా చూడడము వల్లనే కలిగినదనడానికి ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఈమాన్, అమల్

ఇదే తగాదా ఇస్లాములోను జరిగినది. సిఫ్ఫీను యుద్ధము (657) తరువాత చీలిపోయిన ఖారిజీలు మహాపాపము చేసినవాడు ఈమాన్ కోల్పోయి కాఫిరు అవుతాడన్నారు. ముర్జియాలు ఆ తీర్పును దేవునికే వదలి, క్రియ ఈమాన్‌లో భాగము కాదన్నారు. ముఅతజిలీలు అటువంటివాణ్ణి రెండింటి నడుమ నిలిపారు. ఇమామ్ అబూ హనీఫా (మరణము 767) దృష్టిలో ఈమాన్ అంటే హృదయములో సత్యమని ఒప్పుకొనడము, నోటితో పలకడము. క్రియ దాని నుండి వేరు. హైదరాబాదు సున్నీలలో అధిక సంఖ్యాకులు అనుసరించే మజ్‌హబు ఈయనదే. ఇమామ్ బుఖారీ (మరణము 870) తన హదీసు సంకలనములోని ఈమాన్ ప్రకరణములో, ఈమాన్ మాట, చేత రెండూ అనీ, అది పెరుగుతుంది, తరుగుతుంది అనీ చూపాడు. కనుక "క్రియల మతము" అన్న ముద్ర ఇస్లాముకు అతకదు. ఎవరూ తన క్రియల వలన స్వర్గములో ప్రవేశించరని, దేవుని కరుణ కప్పనిదే తాను సైతము ప్రవేశించలేనని ప్రవక్త పలికినట్లు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోను ఉన్నది. ఈ హదీసును ఎరుగని క్రైస్తవ బోధకులు త్రాసు ఉపమానాన్ని వాడకపోవడము మంచిది.

హైదరాబాదుకు దగ్గర ఉదాహరణ ఒకటి కలదు. మౌలానా మౌదూదీ (1903–1979) నిజాము రాజ్యములోని ఔరంగాబాదులో జన్మించాడు. 1932లో హైదరాబాదులో ఉండి వ్రాసిన "రిసాలా-యె-దీనియాత్"లో ఇస్లామును విధేయతగా నిర్వచించాడు; సూర్యచంద్రులు సైతము దేవుని నియమానికి లోబడి ఉన్నాయి గనుక ముస్లింలే అన్నాడు. విధేయతకు ఇంత పెద్ద పీట వేసిన ఆ రచయిత కూడా, ఈమాన్ ఉండి ఆజ్ఞ తప్పినవాణ్ణి తిరుగుబాటుదారునితో సమానము చేయలేదు. ప్రభుత్వాన్ని ఒప్పుకొంటూనే నేరము చేసిన పౌరునితో పోల్చాడు. నేరము నేరమే, శిక్షార్హమే, పౌరసత్వము పోలేదు. లూథరను బోధకుడు ఈ పోలికను చూస్తే తన వాదము సగము ఇందులో కనబడుతున్నదనుకొనవచ్చు.

క్రియలు అక్కరలేదనడానికి క్రైస్తవులు తరచు చూపే ఉదాహరణ సిలువపై పశ్చాత్తాపపడిన దొంగ. అతడు బాప్తిస్మము పొందలేదు, దానము చేయలేదు. దీనికి సరిజోడు కథ హదీసులలో కలదు. నూరు హత్యలు చేసినవాడు పశ్చాత్తాపముతో మంచివారి ఊరికి బయలుదేరి దారిలోనే మరణించాడు. కరుణ దూతలు, శిక్ష దూతలు అతని కొరకు వాదించుకొన్నారు. దూరము కొలిస్తే అతడు వెళ్లవలసిన ఊరికే జానెడు దగ్గరగా ఉన్నాడు; క్షమింపబడ్డాడు. ఈ రెండు కథలలోను మనిషి చేసినది కొంచెమే. కాని దొంగ నోరు తెరిచి తన దోషాన్ని ఒప్పుకొన్నాడు, హంతకుడు అడుగు వేశాడు. తిరగడమే అతని విశ్వాసము, తిరగడమే అతని మొదటి విధేయత. ఈ రెండింటినీ కత్తితో విడదీయబోతే కథ మిగలదు.

ఒంగోలు పరీక్ష

సిద్ధాంతము ఇట్లా ఉండగా, ఆచరణలో తెలుగు సంఘము ఏమి చేసినది? ఒంగోలు బాప్తిస్టు మిషను చరిత్ర దీనికి తగిన సాక్షి. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొర బాప్తిస్టు. వ్యక్తిగత విశ్వాసము లేనివారికి బాప్తిస్మము ఇవ్వరాదన్నది ఆ సంఘపు నియమము. యెర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ కుటుంబీకులు ఆయన దగ్గరకు వచ్చినప్పుడు మూడు నియమాలు స్థిరపడినవి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. క్లౌ మరణానంతరము 1914లో ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పూర్తిచేసి ప్రకటించిన ఆత్మకథలో ఈ సంగతులు వివరముగా ఉన్నవి.

పైకి ఇవి చిన్న నియమాలు. మాదిగవాడలో ఇవి చిన్నవి కావు. ఆదివారము పని మానడమంటే ఆసామి పిలిచినప్పుడు పొలానికి వెళ్లననడము. చచ్చిన గొడ్డును తిననంటే తరతరాల గ్రామ కట్టుబాటు నుండి తప్పుకొనడము. విగ్రహానికి మ్రొక్కనంటే జాతరలో డప్పు కొట్టననడము. మూడింటికీ ఊరు కోపగించినది. కూలి పోయినది, బావి దారి మూసుకొన్నది. విశ్వాసము వల్లనే రక్షణ అని బోధించిన మిషను, గుమ్మము దగ్గర విధేయతనే అడిగినది. అడిగిన విధేయత దొర ఇంటిలో ఎవరికీ కష్టము కలిగించేది కాదు.

1876–78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టుగా తీసుకొని వేలాదిమందికి పని ఇచ్చాడు. ఆ కాలములో బాప్తిస్మము కోరి వచ్చినవారిని తిప్పి పంపాడు. గింజల కొరకు చేరేవారు ఉండవచ్చునని ఆయన జంకు. సహాయ కార్యక్రమము ముగిసిన తరువాతనే చేర్చుకొన్నాడు. 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కనాడే బాప్తిస్మము పొందారు. ఇంతమంది విశ్వాసాన్ని ఒక్కొక్కరిగా పరీక్షించడము సాధ్యమా అని అప్పుడు విమర్శ వచ్చినది. విమర్శకులు విశ్వాసాన్ని మాటలలో వెదికారు. పేరయ్య వంటి బోధకులు దానిని వేరొకచోట వెదికారు: గొడ్డు మాంసపు కట్టుబాటు విడిచినవాడు, ఆసామి కోపానికి నిలిచినవాడు ఏదో నమ్మకము లేనిదే నిలువడు గదా. 1933లో ప్రకటించిన సామూహిక మతాంతరాల పరిశీలనలో పికెట్ గారు కూడా, మొదట ఏ కారణముతో వచ్చారన్న దానికంటె, వచ్చిన తరువాత ఎటువంటి బోధ, ఆరాధన లభించాయన్నదే వారి క్రైస్తవ జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించినదని చూపారు.

క్లౌ పద్ధతిలో గుణమూ కలదు, లోపమూ కలదు. ఆశ చూపి చేర్చుకొనలేదన్నది గుణము. విధేయతను బాహ్యమైన మూడు గుర్తులకు కుదించడము లోపము. ఆ గుర్తులు మాదిగ కులపు పాత బ్రతుకుపై పెట్టిన నిషేధాలు. ఆ బ్రతుకును అట్లా చేసిన ఆసామికి, అధికారికి అటువంటి నిషేధాల జాబితా ఎవరూ ఇవ్వలేదు.

హెబ్రోను, సుబ్బారావు

చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల నుండి నడిచి వెళ్లదగిన దూరములో గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను ఉన్నది. పంజాబులో సిక్కు కుటుంబములో జన్మించిన భక్త్‌సింగ్ (1903–2000) 1950లో దీనిని కేంద్రముగా చేసుకొన్నాడు. విశ్వాసము వలననే రక్షణ అని చెప్పడములో ఆయన ఎవరికీ తీసిపోడు. అయినను ఆయన సహవాసములో నీటిలో ముంచి ఇచ్చే బాప్తిస్మము, వారము వారము రొట్టె విరుచుట, ప్రతి నిర్ణయానికీ దేవుని చిత్తమును కనిపెట్టుట విడువరానివి. ఆయన జీవితములోనే ఒక గమనింపదగిన సంగతి కలదు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఆయన క్రీస్తును నమ్మాడు. బాప్తిస్మము పొందినది 1932లో. నడుమ ఉన్న కాలములో ఆయన రక్షణ లేనివాడని హెబ్రోనులో ఎవరూ అనరు. బాప్తిస్మము అక్కరలేకపోయినదని కూడా ఎవరూ అనరు.

దీనికి ఎదురుగా కలగర సుబ్బారావు (1912–1981) కనబడతాడు. 1942లో క్రీస్తు దర్శనము పొందానని చెప్పి, ఆయన పేర రోగులకు స్వస్థత ప్రార్థనలు చేస్తూ, బాప్తిస్మాన్ని, సంఘ సభ్యత్వాన్ని తిరస్కరించాడు. కాజ్ బాగో 1968లో ఈ ఉద్యమముపై ఒక పుస్తకము ప్రకటించాడు. సుబ్బారావును "విశ్వాసము చాలుననే" పక్షములో చేర్చడము సులభము. అది సరి కాదు. క్రీస్తు కోరినది స్వార్థ త్యాగము, అహమును చంపుకొనడము; సంస్కారములు దానికి అడ్డుతెరలయినవి అన్నది ఆయన వాదము. అంటే ఆయన బాప్తిస్మాన్ని కాదన్నది ఇంకా పెద్ద విధేయత పేరనే. అయితే ఇక్కడొక ప్రశ్న అడుగక తప్పదు. సుబ్బారావు పలుకుబడి గల కులమునకు చెందినవాడు. సంఘములో చేరకపోయినా ఆయన గౌరవానికి లోటు రాలేదు. పల్లెలోని దళితునికి ఆ సంఘమే బడి, ఆసరా, పేరు. ఒకరికి సంస్కారముగా తోచినది మరొకరికి మనిషిగా గుర్తింపు.

వెల ఎవరిది?

1950 నుండి ఈ ప్రశ్న మరింత పదునైనది. ఆ సంవత్సరము వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమయినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత మూలము గల క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతుల "సి" వర్గములో చేర్చి ఒక శాతము రిజర్వేషను ఇచ్చారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవము స్వీకరించినవారికి అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ కూడా వర్తించదని తీర్పు చెప్పినది.

ఫలితము ఊరూరా కనబడేదే. ఆదివారము ఆరాధనకు వచ్చేవారు ఉన్నారు. ఇంట్లో ప్రార్థన ఉన్నది. బాప్తిస్మము లేదు, లేక ఉండి కాగితములో లేదు. పిల్లవాని కళాశాల సీటు ఒక వైపు, మనుష్యుల ఎదుట ఒప్పుకొనుమన్న క్రీస్తు మాట (మత్తయి 10:32) ఒక వైపు. ఇటువంటివారికి రెండు జవాబులు లభిస్తున్నవి. విశ్వాసము మాత్రమే చాలును గనుక నిశ్చింతగా ఉండుమన్నది ఒకటి. ఒప్పుకొననివాడు ద్రోహి అన్నది రెండవది. మొదటిది లూథరు మాటను వాడుకొని లూథరు ఎన్నడూ చెప్పనిది చెబుతున్నది. రెండవది యాకోబు మాటను వాడుకొంటున్నది. అయితే అదే పత్రికలో, ఆకలిగొన్నవానికి వట్టి దీవెన చెప్పి పంపివేసిన విశ్వాసము ఎందుకూ పనికిరాదన్న మాటను దాటిపోతున్నది.

రెండు వేదాలలోను ఇంతకంటె మెత్తని, ఇంతకంటె లోతైన మార్గము కలదు. సిరియా సేనాపతి నయమాను ఇశ్రాయేలు దేవుని నమ్మిన తరువాత, రాజు తన చేతిపై ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కినప్పుడు తానూ వంగవలసి వస్తుందని, ఈ సంగతిలో క్షమాపణ కావాలని ఎలీషాను అడిగాడు. ప్రవక్త అతణ్ణి సమాధానముతో పంపాడు (2 రాజులు 5). అరిమతయియ యోసేపు భయము చేత రహస్య శిష్యుడు. క్రీస్తు దేహాన్ని అడిగిన ధైర్యము చివరకు అతనికే వచ్చినది. హృదయము ఈమాన్‌తో నిబ్బరముగా ఉండగా బలవంతముపై నోరు జారినవానికి ఖురాను మినహాయింపు ఇచ్చినది (16:106). హింసలు పడిన అమ్మార్ బిన్ యాసిర్ గారి సందర్భములో ఈ వాక్యము అవతరించినదని వ్యాఖ్యాతలు చెబుతారు. రిజర్వేషను పోవడము కత్తి బలవంతముతో సమానము కాదు. అట్లా అనడము హింసపడినవారిని తక్కువ చేయడమే. అయినను అది ఏమీ కాని సంగతి కూడా కాదు. పేదవానికి అదే ఒక తరము బ్రతుకు.

కనుక ఈ సమస్యపై ఇకముందు జరిగే సంభాషణలకు మూడు సంగతులు మనవి చేయవచ్చును. మొదటిది, "విశ్వాసము మాత్రమే" అన్న మాటను కృపకు సంబంధించిన జవాబుగానే వాడాలి. నడవడి గురించి అడిగినవానికి దానిని జవాబుగా ఇవ్వరాదు. రెండవది, పొరుగు మతాన్ని దాని శ్రేష్ఠమైన గురువుల మాటలతోనే ఎంచాలి. ఇమామ్ అబూ హనీఫాను చదువని క్రైస్తవుడు, ఆగ్స్‌బర్గు ప్రకటన ఆరవ అధికరణము చదువని ముస్లిం ఒకరినొకరు ఖండించుకొనడములో ఎవరికీ లాభము లేదు. మూడవది, విధేయతను అడిగే సంఘము దాని వెలలో తన వాటాను చెల్లించాలి. బాప్తిస్మము పొందిన కుటుంబపు పిల్లవానికి పోయిన సీటు సంగతి ఆ సంఘపు జమాఖర్చులో ఎక్కడ ఉన్నది? ఉమ్మత్‌లో చేరిన దళిత ముస్లిం విషయములో మసీదు కమిటీ వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే. యాకోబు అడిగిన క్రియలు ముందుగా సంఘపు క్రియలు. అవి కనబడినచోట, పేదవాని రహస్య విశ్వాసము బయటికి రావడానికి బెదిరింపు అవసరము ఉండదు.